అప్పటికప్పుడు అల్లే రాగం

జాజ్ వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లుకుపోతుంటే చేతికి వచ్చింది వాయిస్తున్నాడనిపిస్తుంది. కానీ లోపల గట్టి లెక్కే నడుస్తుంటుంది. 1959లో న్యూయార్క్‌లో మైల్స్ డేవిస్ బృందం రికార్డు చేసిన 'సో వాట్' వినండి. 32 బార్ల ఆవర్తనం. మొదటి 16 బార్లూ ఒకే స్వరశ్రేణి. తర్వాతి ఎనిమిదింటికి అదే శ్రేణి అరమెట్టు పైకి జరుగుతుంది, చివరి ఎనిమిదింటికి మళ్లీ దిగివస్తుంది. ఎక్కడున్నాడో డేవిస్ మరవకూడదు. అయినా ఆయన ట్రంపెట్‌లో తొందర కనబడదు. నాలుగు స్వరాలు పలికించి ఆగుతాడు, ఆ ఖాళీలో బిల్ ఎవాన్స్ పియానో ఏమంటుందో వింటున్నట్టుంటుంది. నాకైతే ఆ ఆగడమే అపురూపం.

అలా అల్లేటప్పుడు మెదడు ఏం చేస్తుంది? అమెరికాలో చార్లెస్ లిమ్, అలెన్ బ్రౌన్ ఆరుగురు జాజ్ పియానిస్టులను ఎమ్మారై స్కానర్‌లో పడుకోబెట్టి, చిన్న కీబోర్డు మీద వాయింపజేశారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. కంఠతా వచ్చిన పాట వాయించినప్పటికంటే సొంతంగా అల్లినప్పుడు, మనల్ని మనం సరిచూసుకోవడానికి తోడ్పడే నుదుటి వెనుక పక్కభాగాలు నెమ్మదించాయి. సొంత భావాలతో ముడిపడిన నడిమి భాగం చురుకైంది. స్వరశ్రేణులూ తాళమూ ఏళ్ల సాధనతో వేళ్లకు వచ్చేసిన వాళ్లు వీళ్లందరూ.