మాత్ర మానకండి, డాక్టరును అడగండి

నెల తప్పిందని తెలియగానే కొందరు చేసే మొదటి పని, ఫిట్స్ మాత్రలు పక్కన పెట్టేయడం. బిడ్డకేమవుతుందోనన్న భయం. పక్కింటావిడ సలహా దానికి తోడు. కానీ హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి తల్లీబిడ్డలిద్దరి ప్రాణం మీదికి రావచ్చు.

అయితే మందులన్నీ ఒకటి కావు. గర్భంతో వాల్‌ప్రొయేట్ వాడితే, పుట్టే 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో ఇబ్బందులు రావచ్చు. లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్‌లతో ఆ ముప్పు చాలా తక్కువ. అందుకే మందు మార్చడం, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడం గర్భానికి ముందే జరగాలి. అనుకోకుండా నెల తప్పిందా? మాత్ర ఆపకుండా వెంటనే న్యూరాలజిస్టును కలవండి.

లామోట్రిజిన్‌తో ఒక చిక్కుంది. గర్భిణి శరీరం దాన్ని త్వరగా బయటికి పంపేస్తుంది. మోతాదు పెంచాల్సి రావచ్చు, కాన్పయ్యాక మళ్లీ తగ్గించాలి.

చనుబాలు చాలామంది నిశ్చింతగా ఇవ్వవచ్చు. బిడ్డ మరీ మత్తుగా ఉన్నా, పాలు సరిగా తాగకపోయినా డాక్టరుకు చూపించండి. నిద్ర చాలకపోతే ఫిట్స్ రావచ్చు; రాత్రి కాసేపు బిడ్డను అమ్మమ్మకో నాన్నకో అప్పగించి పడుకోండి. ఉన్నట్టుండి ఫిట్స్ వస్తే బిడ్డకు ప్రమాదం కాబట్టి, ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం బిడ్డకు నీళ్లు పోయకండి. బట్టలు మార్చేది మంచం మీద కాదు, నేల మీద చాప పరిచి.