నలుపు తెలుపుల దృశ్యము - విషాద వాక్యము



భవభూతి మహాకవి రచించిన ఉత్తరరామచరితము మీలో పెక్కురు ఎరిగినదే. అందు ప్రథమాంకమునకు చిత్రదర్శనమని పేరు. జనకుడు మరలిపోగా దిగులుపడియున్న సీతకు వినోదము కలుగుటకై, లక్ష్మణుడు తమ పూర్వవృత్తాంతము వ్రాయబడిన చిత్రములను చూపును. దండకారణ్యము, జనస్థానము, గోదావరీతీరము వరుసగా కన్నులయెదుట నిలుచును. ఒక్కొక్క తావును లక్ష్మణుడు మాటతో గుర్తు చేయగా, వినోదమునకని మొదలైనది రాముని కన్నీటికి కారణమాయెను. దృశ్యమునకు మాట తోడైనపుడు పుట్టు శక్తి యిట్టిది.

ఆ శక్తిని ఈ కాలమున ఛాయాచిత్రకారులును కవులును కలిసి సాధించిరి. అందును విషాదమునకు నలుపు తెలుపుల చిత్రమే తగినదని పలువురు ఎంచుకొనిరి. రంగులు తొలగినచో పచ్చిక పచ్చదనము, పూవుల సొగసు మనసును పట్టవు. రాతి గరుకుదనము, మబ్బు బరువు, నీటి మెరుపు మిగులును. కెమేరా కంటికి ఎర్రని గాజు అడ్డుపెట్టినచో నీలాకాశము నల్లబడి మేఘములు తెల్లగా పైకి తేలును. ప్రవహించు నీటిని కొన్ని క్షణములు ఎడతెగక చిత్రించినచో అది పొగమంచువలె కానవచ్చును.

ఇందుకు చక్కని ఉదాహరణము 1979లో ఇంగ్లండున వెలువడిన ‘రిమైన్స్ ఆఫ్ ఎల్మెట్’ అను గ్రంథము. కవి టెడ్ హ్యూజ్. ఛాయాచిత్రములు ఫే గాడ్విన్ అను వనితవి. హ్యూజ్ 1930లో యార్క్‌షైర్ సీమలోని కాల్డర్ లోయలో జన్మించెను. ఆ ప్రాంతము పూర్వము ఎల్మెట్ అను చిన్న రాజ్యములోనిది. ఆ రాజ్యము ఏడవ శతాబ్దారంభమున ఆంగ్లుల వశమాయెను. తరువాతి కాలమున ఆ లోయలో నేతమిల్లులు వెలసినవి, ప్రార్థనామందిరములు నిండినవి. 1914లో మొదలైన మహాయుద్ధము అచటి యువకులను పెక్కండ్రను బలిగొన్నది. పిమ్మట మిల్లులు ఒక్కటొక్కటిగా మూతపడినవి.

గాడ్విన్ ఆ లోయలోని తడిసిన రాతిగోడలను, బోడికొండలను, మిల్లు పొగగొట్టములను, వానమబ్బులను చిత్రించినది. ఆ చిత్రములు హ్యూజ్‌ను కదల్పగా ఆతడు కవితలల్లెను. గ్రంథమును తన తల్లి స్మృతికి అంకితము చేసెను. ఆతని మాటలలో ఆ రాళ్లు కేవలము రాళ్లుగా నిలువక, పనిచేసి అలసి అంతరించిన జనుల ఆనవాళ్లగుచున్నవి.

ఇందు గ్రహింపవలసిన మర్మ మొకటి కలదు. చిత్రము చూపినదానినే మాట మరల చెప్పరాదు. ఎండిన చెట్టు, నల్లని చెరువు గల చిత్రము క్రింద ‘అయ్యో, చెట్టు ఎండినది, చెరువు చీకటియైనది’ అని వ్రాసినచో ప్రయోజన మేమి? కన్నులకే తెలియును. ‘ఈ గట్టున బండ్లు విప్పుకొని దాహము తీర్చుకొన్నవారు ఇపు డే త్రోవను పోవుచున్నారో’ యన్నచో చూచువాని గుండె కలుక్కుమనును. ఉన్నదానిని చిత్రము చూపవలెను. లేనిదానిని మాట తలపింపవలెను. విషాదపదములు కుప్పపోసినంతమాత్రమున కరుణరసము పుట్టదు.

ఈ విషయము మనకును చేరువైనదే. కృష్ణానదిపై శ్రీశైలము ఆనకట్ట కట్టినపుడు పెక్కు గ్రామములు నీట మునిగినవి. నీరు బాగుగ తగ్గిన వేసవులలో సంగమేశ్వరాలయము బయటపడుచుండును. ఛాయాచిత్రకారుడు ఆ గోపురమును, చుట్టునున్న నీటిని, పైనున్న ఆకాశమును అందముగా పట్టగలడు. కాని ఆ దరిని ఏ యూరుండెనో, ఏ వీధిని తేరు సాగెనో, ఏ చేలలో ఏ పంట పండెనో ఆతని యంత్రమునకు తెలియదు. అది తెలిసిన పెద్దలు నానాటికి తగ్గుచున్నారు.

కావున పెద్దలారా, మీ యిండ్లలో పాత చెరువుదో, కూలిన మండపముదో, కొట్టివేసిన మఱ్ఱిదో నలుపు తెలుపుల చిత్రము ఒక్కటైనను ఉండవచ్చును. దాని వెనుక రెండు వాక్యములు వ్రాసియుంచుడు. అలంకారములు అక్కరలేదు, అచట ఎవరు కూర్చుండిరో, ఏమి మాటలాడుకొనిరో చెప్పినచో చాలును. మీ మనుమలు ఆ చిత్రమును చేతబట్టినపుడు లక్ష్మణుని పాత్ర మీ వాక్యములే వహించును.