ఇతరుల కాగితం మన చేతిలో అమానత్

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'సెల్‌ఫోన్ వాడకం, తీసుకోవలసిన జాగ్రత్తలు' అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టరును. ఫోను సంగతి నాకంటే మీ ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడికే ఎక్కువ తెలుసు. అయినా సరేనని ఒప్పుకొన్నాను. ఎందుకంటే ఈ విషయంలో నేను ఒక తప్పు చేసి ఉన్నాను. దాన్ని ఒప్పుకోవడానికి ఇంతకంటే తగిన చోటు నాకు దొరకదు.

కిందటేడు మన సంఘం తరఫున కొందరు చెల్లెళ్లకు కుట్టుమిషన్లు ఇచ్చిన సంగతి మీ అందరికీ తెలుసు. ఆ దరఖాస్తులు చూసే పని నాకు అప్పజెప్పారు. పేరు, భర్త పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు, బ్యాంకు పేరు అన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసి జాబితా తయారుచేశాను. మిషన్లు ఇచ్చిన రోజు ఫోటోలు తీశాం. చందాలిచ్చిన వారు చూసి సంతోషిస్తారు గదా అని ఆ ఫోటోలతో పాటు జాబితాను కూడా వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. నలుగురూ 'మాషా అల్లాహ్' అని రాస్తే నేనూ మురిసిపోయాను.

పది రోజులు కాలేదు, అందులో ఒక చెల్లెలికి ఫోను వచ్చింది. భర్త పోయి ఇద్దరు పిల్లలతో ఉన్న మనిషి. "అమ్మా, సంఘం నుంచి మాట్లాడుతున్నం. మీకు కుట్టుమిషన్ వచ్చింది గదా. రెండో విడత సాయం కింద నగదు వచ్చింది. మీ ఫలానా బ్యాంకు ఖాతాలో వేయాలె. ఇప్పుడొక నంబరు వస్తది, చెప్పండి" అన్నారు. పేరు సరిగ్గా చెప్పిండ్రు, భర్త పేరు సరిగ్గా చెప్పిండ్రు, బ్యాంకు పేరు కూడా సరిగ్గా చెప్పిండ్రు. ఆమె నమ్మింది. నంబరు చెప్పింది. బట్టలు కుట్టి కూడబెట్టుకున్న పదకొండు వేల పైచిలుకు రూపాయలు పోయినయి.

మరునాడు మా ఇంటికొచ్చింది. ఏడ్వలేదు, కోపగించుకోలేదు. ఒక్క మాట అడిగింది: "భయ్యా, నా మిషన్ సంగతి, నా బ్యాంకు సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వాళ్లకెట్ల తెలిసింది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ జాబితా మా గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు, అక్కణ్ణించి ఎక్కడికి పోయిందో కనుక్కునే దారి కూడా లేదు. ఓటీపీ చెప్పడం ఆమె పొరపాటే అనుకుందాం. అయితే ఆ దొంగ చేతికి నమ్మించే సరుకు అందించింది ఎవరు? నేనే గదా!

మనం ఎప్పుడు జాగ్రత్తల గురించి మాట్లాడినా పోగొట్టుకున్నవాడికే బుద్ధులు చెబుతాం. 'చదువుకోలేదు', 'ఆశపడ్డాడు', 'చూసుకోవద్దా' అంటాం. కాని పోగొట్టుకున్న వారి పొరపాటు ఇసుమంత కూడా లేని సంగతులు ఉన్నాయి. మన గోదావరి అవతలి ఒడ్డున, పెద్దపల్లి జిల్లా ధర్మారంలో జరిగినదే చూడండి.

2018 జూన్‌లో ధర్మారానికి చెందిన ఒక సిమ్‌కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. ఆ రోజుల్లో కొత్త సిమ్ కావాలంటే ఆధార్ నంబరు చెప్పి, యంత్రం మీద వేలు పెడితే చాలు. సిమ్‌లు ఎక్కువ అమ్మితే లాభం, టార్గెట్ అందుకోవాలి. మరి అన్ని వేళ్లు ఎక్కడ దొరకాలి? పోలీసులు చెప్పిన ప్రకారం, అతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోంచి భూముల దస్తావేజులు దింపుకున్నాడు. దస్తావేజు మీద ఆధార్ నంబరు ఉంటుంది, పక్కనే వేలిముద్ర ఉంటుంది. ఆ ముద్రను రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో అచ్చు పోసి, ఆ రబ్బరు వేలిని యంత్రం మీద పెట్టి, వేల సంఖ్యలో సిమ్‌లు నడిపించాడు. ఒక్కచోట నుంచే లెక్కకు మించి వేలిముద్రలు వస్తున్నాయని ఆధార్ సంస్థ వారికి అనుమానం రావడంతో బండారం బయటపడింది.

ఆ భూములు అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు చేసిన తప్పేమిటో చెప్పండి? ఓటీపీ చెప్పలేదు. లాటరీకి ఆశపడలేదు. సర్కారు కచేరికి పోయి, అడిగిన చోట నిశానీ వేసి వచ్చారు, అంతే. కాగితం ఇచ్చినవారి దగ్గర పోలేదు, పుచ్చుకున్న చోట పోయింది. నేను ఈ రోజు చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే.

వేలిముద్రకు ఇంకో చిక్కు ఉంది. తాళం చెవి పోతే తాళం మార్చుకుంటాం. పిన్ను పోతే కొత్త పిన్ను పెట్టుకుంటాం. వేలు పోతే వేలు మార్చుకోలేం గదా! తరువాతి సంవత్సరాలలో ఇదే పద్ధతిలో రబ్బరు వేళ్లతో బ్యాంకు ఖాతాల్లో డబ్బులు తీసిన కేసులు మన రాష్ట్రంలోనూ, ఇతర రాష్ట్రాలలోనూ బయటపడ్డాయి. ఆధార్‌తో డబ్బు తీసే యంత్రానికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. ఓటీపీ అడగదు, పిన్ను అడగదు. కనుక 'నేను ఎవరికీ ఓటీపీ చెప్పను, నాకేం భయం' అనుకోవడం చాలదు.

మన సంఘం సంగతికి వస్తాను. నా చిన్నతనంలో మంచిర్యాలలో ఇటువంటి సంఘాల చందా రిజిస్టరు ఒక ఇనుప పెట్టెలో ఉండేది. తాళం చెవి ఖజానాదారు దగ్గర. ఎవరికి ఎంత సాయం చేశారన్నది ముగ్గురు నలుగురికి మించి తెలిసేది కాదు. సాయం పుచ్చుకున్నవాడు బజారులో తలెత్తుకొని నడిచేవాడు. నేడు అదే రిజిస్టరు ఫోటో తీసి ఒక్క వేలు తాకిస్తే నాలుగు వందల ఫోన్లలోకి పోతుంది. ఒకసారి పోయినదాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేయలేం.

ఫోటోల విషయం కూడా ఆలోచించండి. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరిలో మరోసారి, మన దేశంలోని ముస్లిం మహిళల ఫోటోలను ఇంటర్నెట్ నుంచి దొంగిలించి 'వేలం' అంటూ యాప్‌లు పెట్టి అవమానించిన సంగతి పత్రికల్లో చదివాం. చదువుకున్నవారు, జర్నలిస్టులు, వయసు మళ్లిన తల్లులు కూడా వారిలో ఉన్నారు. తప్పు దొంగలది, ఆ తల్లులది కాదు. తమ ఫోటో తాము పెట్టుకోవడం వారి హక్కు. కాని మిషన్ పుచ్చుకున్న చెల్లెలు తన ఫోటో పెట్టమని మనల్ని అడిగిందా? మనం ఆమెను అడిగామా? సాయం చేసిన చేత్తోనే ఆమె ముఖం ఊరందరి ముందు పెట్టాం.

ఇది మర్యాదకు సంబంధించిన మాట మాత్రమే కాదు, చట్టం మాట కూడా. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. ఎదుటివారి వివరాలు తీసుకునేవాడు ఎందుకు తీసుకుంటున్నాడో చెప్పాలి, ఆ పనికే వాడాలి, భద్రంగా ఉంచాలి, పని తీరాక తీసివేయాలి అన్నది దాని సారం. మన బీరువాలోని కాగితాలు కూడా ఫోన్లోకి, కంప్యూటరులోకి ఎక్కిన తరువాత ఈ వరుసలోకే వస్తాయి.

కావున కార్యవర్గం ముందు నా విన్నపాలు ఇవి. ఒకటి, దరఖాస్తులో అవసరమైనదే అడుగుదాం. ఆధార్ కార్డు చూసి తిరిగి ఇచ్చేద్దాం. తప్పనిసరిగా నకలు కావలసి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడని 'మాస్క్‌డ్ ఆధార్' తీసుకుందాం. రెండు, దరఖాస్తులు ఉన్న బీరువాకు తాళం ఉండాలి, ఎవరు ఎప్పుడు తీశారో రాసుకోవాలి. మూడు, లబ్ధిదారుల జాబితా ఏ గ్రూపులోనూ పెట్టరాదు. నాలుగు, ఒప్పుకోనిదే ఎవరి ఫోటో వేయరాదు. ఐదు, లెక్కల తనిఖీ ముగిసి, గడువు తీరిన తరువాత ఆ నకళ్లను చించి కాల్చివేయాలి. జిరాక్స్ దుకాణం వెనుక పొట్లాల కాగితం కింద పడరాదు.

ఇక్కడ ఒక మిత్రుడు నన్ను ముందే అడిగాడు. "మాస్టారూ, చందా ఇచ్చినోళ్లు లెక్క అడుగుతరు. ఫోటో లేకపోతే నమ్ముతరా?" న్యాయమైన ప్రశ్న. లెక్క చూపవలసిందే. ఎన్ని మిషన్లు కొన్నాం, ఎంతకు కొన్నాం, రసీదులు ఎక్కడ, ఎందరికి ఇచ్చాం అన్నీ అచ్చు వేద్దాం. అనుమానం ఉన్నవారు కార్యవర్గ సభ్యుల సమక్షంలో రిజిస్టరు చూడవచ్చు. లెక్క మనది, అది దాచరాదు. పేదవారి వివరాలు వారివి, అవి పంచరాదు. ఈ రెండింటినీ మనం ఇన్నాళ్లూ ఒకటే అనుకున్నాం.

ఇక ఇళ్లల్లో చేయవలసినవి కొన్ని చెప్పి ముగిస్తాను.

శ్రీరాంపూర్, మందమర్రి గనుల నుంచి రిటైరైన పెద్దలు పింఛను కోసం ఏటేటా జీవన్ ప్రమాణ్‌కు వేలు పెడుతుంటారు. మిగతా రోజుల్లో మీ వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు. ఆధార్ వారి యాప్‌లో గానీ, వెబ్‌సైటులో గానీ 'బయోమెట్రిక్ లాక్' అని ఉంటుంది. పని ఉన్ననాడు తీయండి, పని కాగానే వేయండి. రేషన్‌కు పోయే ముందు కూడా తీయాలని మరువకండి. సందేహముంటే 1947 నంబరుకు ఫోను చేయండి.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి 'సంచార్ సాథీ'లో కనబడుతుంది. మీకు తెలియని నంబరు ఉంటే అక్కడే చెప్పి తీయించుకోవచ్చు. ఫోను పోయినా అందులోనే దాన్ని పనిచేయకుండా ఆపించవచ్చు.

దుబాయి, సౌదీలలో మన బిడ్డలు ఉన్నారు. 'మీవాడికి యాక్సిడెంట్ అయింది, డబ్బు పంపండి' అని ఫోను వస్తే గాభరా పడకండి. పెట్టేసి, మీ బిడ్డ అసలు నంబరుకు మీరే ఫోను చేయండి. పోలీసులమని, కోర్టు అని వీడియోలో కనబడి 'డిజిటల్ అరెస్టు చేశాం' అంటే, అటువంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. షాదీ పత్రిక అంటూ ఏపీకే ఫైలు వస్తే తెరవవద్దు. పత్రిక ఫోటోగా వస్తుంది గాని, ఫోన్లో ఇన్‌స్టాల్ చేసుకోమని అడగదు.

అన్నీ చూసుకున్నా మోసం జరగవచ్చు. అప్పుడు సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి. డబ్బు ఏ ఖాతాకు పోయిందో అక్కడ ఆపే ప్రయత్నం చేస్తారు. ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు పాకిపోయాక దొరకడం కష్టం. బ్యాంకుకు కూడా చెప్పండి. 2017లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన పద్ధతిలో, మన పొరపాటు లేనప్పుడు మూడు పనిదినాల లోపల తెలిపితే నష్టం మన మీద పడదు. మన పొరపాటు ఉన్నా, మనం తెలిపిన తరువాత పోయేదానికి బ్యాంకే బాధ్యత వహిస్తుంది. కనుక మొదటి గంట విలువైనది. మన చెల్లెలు నా దగ్గరికి వచ్చింది మరునాడు. ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియదు. ఆ నంబరు చెప్పవలసిన మేము చెప్పలేదు.

ఆ చెల్లెలి డబ్బు నేను నా పింఛను లోంచి ఇచ్చివేశాను. గొప్ప కోసం చెప్పడం లేదు, బాకీ గనుక తీర్చాను. ఆమె మొదట తీసుకోలేదు. "మీరు కావాలని చేయలేదు గదా భయ్యా" అన్నది. నిజమే, కావాలని చేయలేదు. తాళం వేయడం మరిచిన కాపలావాడు కూడా కావాలని మరువడు.

మన పెద్దలు ఒకరి సొమ్ము దాచమని ఇస్తే దాన్ని అమానత్ అనేవారు. సొమ్ము ఒక్కటే అమానత్ కాదు. ఒకరి పేరు, ఒకరి ఫోను నంబరు, ఒకరి వేలిముద్ర, ఒకరి ముఖం కూడా అమానతే. ఈ సంవత్సరం దరఖాస్తులు వస్తున్నాయి. ఆ బీరువాకు తాళం నేను తెచ్చాను. చెవులు రెండు ఉన్నాయి. ఒకటి ఖజానాదారు గారికి, ఒకటి కార్యదర్శి గారికి ఈ సభలోనే అప్పగిస్తున్నాను. నాకు వద్దు.