రెండు రంగుల పెంకులు: డుబ్రోవ్నిక్ నుంచి

నేను సైటు సూపర్‌వైజర్‌ని. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివాను. దుబాయ్‌లో పదకొండేళ్లు చేసి, మూడేళ్లుగా క్రొయేషియాలో డుబ్రోవ్నిక్ అనే ఊళ్లో ఉంటున్నాను. "అన్నా, గేమ్ ఆఫ్ థ్రోన్స్ తీసిన ఊరంట కదా, అక్కడి జనం దాని గురించి ఏమంటారు?" అని ఒక తమ్ముడు వాట్సాప్‌లో అడిగాడు. ఈవేళ ఆ కబురే చెప్తాను.

సముద్రం ఒడ్డున రాతి కోట. చుట్టూ గోడ దాదాపు రెండు కిలోమీటర్లు. లోపల కార్లు తిరగవు. సిమెంటు బస్తా కావాలంటే పొద్దున్నే బండి మీద తోసుకొచ్చి, మెట్ల వీధుల్లో భుజాన మోయాల్సిందే. సీరియల్లో రాజధాని కింగ్స్ ల్యాండింగ్ ఉంది కదా, మొదటి సీజన్‌కి మాల్టాలో తీశారు. రెండో సీజన్ నుంచి ఇక్కడికొచ్చారు. జెస్యూట్ చర్చి ముందున్న మెట్ల దగ్గరే ఐదో సీజన్లో సెర్సీ రాణిని నడిపించింది. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు ఆ మెట్లు దిగుతూ "షేమ్, షేమ్" అని అరుస్తారు, ఫ్రెండు వీడియో తీస్తాడు. పై కిటికీలో ఒక పెద్దావిడ బట్టలు ఆరేస్తూ ఉంటుంది. తలెత్తి కూడా చూడదు.

మాతో పనిచేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. అరవై దాటాయి, పుట్టింది కోట లోపలే. ఇక్కడ పనివంతుణ్ని "మైస్తోర్" అంటారు. మన మేస్త్రికి తమ్ముడిలా వినపడే మాట కాబట్టి మొదటిరోజే నాకు నోరు తిరిగింది. ఆయన కూతురు ఆ సీరియల్లో గుంపులో నిలబడే వేషం వేసిందట. ఆ సంగతి ఆయన గొప్పగానే చెబుతారు.

వేసవిలో టూరిస్టుల కోసం కోటలో చప్పుడు పనులు ఆపేస్తారు, మా పనంతా చలికాలమే. పోయిన చలికాలం భోజనాల దగ్గర మా కుర్రాళ్లు ఫోన్లో చివరి సీజన్ చూస్తున్నారు. డ్రాగన్ వచ్చి ఊరు తగలబెట్టే ఎపిసోడ్. నేనే నవ్వుతూ, "చూడండి మైస్తోర్, మీ ఊరు కాలిపోతోంది" అని ఫోను ఆయన ముందు పెట్టాను. కాసేపు చూశారు. తింటున్న రొట్టె పొట్లం కట్టేసి లేచిపోయారు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

మర్నాడు పనిలోకి దిగకముందే పీలే గేటు దగ్గరికి రమ్మన్నారు. అక్కడ గోడకి ఒక మ్యాపుంది. రెండేళ్లకు పైగా దాని పక్కనుంచే నడిచాను, ఒక్కసారీ ఆగి చదవలేదండి. 1991 అక్టోబర్‌లో యుగోస్లావ్ సైన్యం ఈ ఊరిని చుట్టుముట్టింది. నీళ్లు లేవు, కరెంటు లేదు. డిసెంబర్ 6న గుండ్లు వానలా పడ్డాయి. యునెస్కో లెక్క ప్రకారం పాత ఊళ్లోని 824 భవనాల్లో 563కి దెబ్బ తగిలింది. ఏ కప్పు మీద గుండు పడింది, ఏ ఇల్లు కాలింది, మ్యాపులో గుర్తులు పెట్టారు. ఆయన ఒక గుర్తు మీద వేలు పెట్టి "మాది" అన్నారు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. మంటల సీను చాలావరకు ఇక్కడ తీయలేదు, ఈ వీధుల్లాంటి సెట్టు బెల్‌ఫాస్ట్‌లో వేసి తీశారు అన్నాను. "తెలుసు. చూసేవాడికి మా ఊరే కదా" అన్నారు.

తర్వాత పని చేస్తున్న ఇంటి పైకెక్కించి కప్పులు చూపించారు. ఇక్కడి పెంకు మన గోదావరి జిల్లాల గూనపెంకులాంటిదే, సగం గొట్టంలా ఉంటుంది. నేనిన్నాళ్లూ కప్పులన్నీ ఒకటే ఎరుపు అనుకున్నాను. కాదండి. వెలిసిపోయిన రంగుది గుండ్లు తప్పించుకున్న కప్పు. నిగనిగలాడే నారింజ రంగుది యుద్ధం తర్వాత వేసింది. ఎటు చూసినా నారింజ రంగే ఎక్కువ.

మరి సీరియల్ మీద కోపమా అంటే, అదీ కాదు. బాగుచేసుకున్న ఆ ఇంటిని ఆయన టూరిస్టులకి అద్దెకిచ్చి, ఊరి బయట మొకోషిత్సాలో ఫ్లాట్‌లో ఉంటున్నారు. "ఆ అద్దెతోనే నా పిల్లలు చదివారు" అంటారు. 1991లో కోట లోపల సుమారు 5,000 మంది ఉండేవారు, ఇప్పుడు 1,500 దాకా ఉంటారేమో. జనం తాకిడికి తట్టుకోలేక 2019 నుంచి పెద్ద టూరిస్టు ఓడల మీద హద్దు పెట్టారు. మనకీ రామోజీ ఫిల్మ్ సిటీలో బాహుబలి సెట్టుంది, టికెట్ కొని చూస్తాం. అందులో ఎవరూ కాపురం ఉండరు, ఎవరూ ఖాళీ చేయక్కర్లేదు. ఇక్కడ చేస్తున్నారు. ఖాళీ అయిన ఇళ్లని రూములుగా మార్చేది మా గ్యాంగే. నంబరు నొక్కితే తెరుచుకునే తాళం పెట్టెలు ఎన్ని తలుపుల పక్కన బిగించానో లెక్కలేదు. నా జీతం అందులోంచే వస్తోంది, దాచిపెట్టేదేముంది.

మొన్న మా ఆవిడ వీడియో కాల్‌లో "రాణి నడిచిన మెట్లు చూపించండి" అంది. చూపించాను, అడిగింది కదా. ఆ పైన ఫోను కప్పుల వైపు తిప్పాను. "రెండు రంగులెందుకు నాన్నా?" అని మా వాడు అడిగాడు. వాడికి చెప్పేసరికి నా లంచ్ టైము అయిపోయింది.

రేపు ఇంకో కప్పు దించాలి. పాత పెంకులు పగలకుండా విడిగా పేర్చాలని మైస్తోర్ ఇప్పటికే రెండుసార్లు చెప్పారు. ఉంటానండి.