కేన్సరు రోగికి భోజనము

లంఖణము పరమౌషధమని మన పెద్దలు చెప్పుదురు. ఒకటి రెండు దినముల అజీర్తికి ఆ మాట చెల్లునేమో గాని, నెలల తరబడి సాగు కేన్సరు చికిత్సలో అది మిక్కిలి హాని చేయును. మా పెదతండ్రిగారికి నోటి కేన్సరు వచ్చినపుడు మేమును ఈ పొరపాటే చేసితిమి. బలమైన తిండి పెట్టినచో కంతి పెరుగునని ఎవరో చెప్పగా విని, పాలు, గ్రుడ్లు, నేయి మాన్పించి చారన్నముతో సరిపుచ్చితిమి. నెల తిరుగకమునుపే ఆయన భుజముల యెముకలు తేలినవి. వైద్యులు తూకము చూచి, కొంత బలము చేకూరినగాని కిరణ చికిత్సకు తాళజాలరనిరి.

రోగి చిక్కిపోవుట తిండి తగ్గుటచేత మాత్రమే కాదు. కేన్సరు మూలమున శరీరమున పుట్టు కొన్ని రసాయనములు ఆకలిని చంపి, కండను కరగించును. అన్నము మానినంతమాత్రమున కంతి మాడిపోదు. తనకు కావలసినది అది రోగి దేహమునుండియే లాగుకొనును. 1980లో అమెరికాలో డివైస్ అను వైద్యుడును, ఆయన సహచరులును మూడువేలకు పైగా రోగుల వివరములు పరిశీలించిరి. పెక్కు రకముల కేన్సర్లలో, మందుల చికిత్సకు ముందే బరువు కోల్పోయినవారు తక్కినవారికన్న తక్కువ కాలము జీవించినట్లు తేలినది.

సాధారణముగా రోగి బరువులో ప్రతి కిలోకు దినమునకు 25 మొదలు 30 కేలరీలును, 1 గ్రామునకు తగ్గకుండ, వీలైనచో ఒకటిన్నర గ్రాము వరకు, మాంసకృత్తులును కావలెను. అనగా 50 కిలోల మనిషికి 50 నుండి 75 గ్రాముల మాంసకృత్తులు. ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాములుండును. గ్లాసెడు పాలలోను ఇంచుమించు అంతే. చారన్నముతో ఈ లెక్క తీరునా? మూత్రపిండముల జబ్బుగాని, మధుమేహముగాని ఉన్నవారి లెక్క వేరు; దానిని వైద్యులే చెప్పవలెను.

నోరు పూసినవారికి కారము, పులుసు, ఊరగాయ నిప్పువలె తగులును. మెత్తగా ఉడికిన అన్నములో ముద్దపప్పు, నేయి కలిపి, గోరువెచ్చగా పెట్టవచ్చును. పెరుగన్నము, పెసరకట్టు, పాలలో కాచిన రాగిజావ సులువుగా దిగును. వేయించిన వేరుసెనగపప్పును మెత్తని పొడి చేసి జావలో కలిపినచో బలము హెచ్చును. నిండు విస్తరి చూచినంతనే రోగికి బెదురు పుట్టును. రెండు గంటలకొకసారి చిన్న గిన్నెలో అందించుట మేలు. తాలింపు వాసనకే వాంతి వచ్చువారిని వంటయింటికి దూరముగా కూర్చుండబెట్టి, చల్లారిన పదార్థములే ఈయవలెను.

మ్రింగుట కష్టమైనపుడు ముక్కు ద్వారా గొట్టము వేయుదురు. గొట్టమనగానే మనవారు ఆశ వదలుకొందురు. మా యింట ఆడువారందరును ఏడ్చిరి. కాని పెదతండ్రిగారు ఆ గొట్టముతోనే పాలు, జావ పుచ్చుకొని, మూడు వారములకు చికిత్స మొదలుపెట్టించుకొనిరి.

వారమునకొకమారు ఒకే యంత్రముపై రోగి బరువు చూచి వ్రాసియుంచుడు. ఆరు నెలలలో నూటికి 5 పాళ్ళు తగ్గినచో, మరల రమ్మన్న తేదీ వరకు వేచియుండక వైద్యునికి తెలుపవలెను. 50 కిలోల మనిషికి అది రెండున్నర కిలోలే.