చిన్న కారుకు ఎంత ఇంజన్ కావాలి?
(నకిరేకల్‌లో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడవలసిన సభలో కారు ఇంజన్ గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్నెందుకు కోరారో మొదట మనవి చేస్తాను. మన పిల్లల్లో చాలామంది నకిరేకల్‌లోనే ఉంటూ రోజూ నల్లగొండకో సూర్యాపేటకో ఉద్యోగానికి పోయి వస్తున్నారు. ముసలి తల్లిదండ్రులను వదలలేక ఇక్కడ ఉన్నవారే అందులో ఎక్కువ. వారు చిన్న డీజిల్ కారు కొంటామన్నారంటే అందులో సగం సొమ్ము మన గ్రాట్యుటీ నుంచో, కమ్యుటేషన్ నుంచో పోవలసిందే. ఆ సొమ్ము ఒకసారి పోతే మళ్ళీ వచ్చేది కాదు. నా సర్వీసంతా ఆర్.టి.సి. గ్యారేజీలలో డీజిల్ ఇంజన్ల మధ్యనే గడిచింది కనుక నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా తమ్ముని కొడుకు నా దగ్గరకు వచ్చాడు. నల్లగొండలో ఉపాధ్యాయుడు. "పెద్దనాయనా, ఇంజన్ ఎంత చిన్నగుంటే అంత తక్కువ తాగుతది గదా! ఎనిమిది వందల సీసీ డీజిల్ వచ్చిందట, లీటరుకు ఇరవై ఏడు ఇస్తదట. గదే తీసుకుంట" అన్నాడు. వాడే కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. చిన్న దీపానికి తక్కువ నూనె చాలు కదా అన్నట్టు వినడానికి సబబుగానే ఉంటుంది.

కాని కంపెనీలు ప్రకటించిన లెక్కలే చూడండి. వాడు చెప్పినది 2015లో వచ్చిన మారుతి సెలేరియో డీజిల్. 793 సీసీ, రెండే సిలిండర్లు, 47 హార్స్‌పవర్. ప్రకటించిన మైలేజీ 27.62 కిలోమీటర్లు. అదే కంపెనీ స్విఫ్ట్ కారులో ఉన్నది ఫియట్ వారు రూపొందించిన 1248 సీసీ ఇంజన్. 2011లో వచ్చిన స్విఫ్ట్‌కు 22.9 అన్నారు, 2014లో 25.2 అన్నారు, 2018లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌కు 28.4 అన్నారు. ఏడేళ్ళలో సీసీ మారలేదు. బండి బరువు తగ్గింది, గేర్లు, సర్దుబాట్లు మారాయి, అంతే. 793 సీసీ కంటె 1248 సీసీ ఎక్కువ మైలేజీ చూపించింది. హ్యుందాయ్ గ్రాండ్ ఐ10లో 2013లో 1120 సీసీ పెట్టారు, 2017లో దానిని 1186 చేశారు. మైలేజీ 24 నుంచి తగ్గలేదు సరికదా దాదాపు 25 అయింది.

ఎందుకిలా అంటే, ఇంజన్‌కు చేతనైనంత పని ఇవ్వాలి. మన ఆఫీసుల్లోనూ అంతే కదా! నలుగురి పని ఒకడి మీద వేస్తే వాడు తప్పులు చేస్తాడు, ఒకడి పనికి నలుగురిని పెడితే జీతాలు దండగ. చిన్న కారు ఏసీ వేసుకొని గంటకు 60 వేగంతో పోవడానికి ఏడెనిమిది హార్స్‌పవర్ చాలు. 90 వేగానికి అది దాదాపు రెట్టింపు అవుతుంది, గాలి అడ్డు అంతగా పెరుగుతుంది. నలుగురిని ఎక్కించుకొని జాతీయ రహదారి మీద లారీని దాటాలంటే అప్పటికప్పుడు ముప్పై, నలభై కావాలి. అప్పుడు మరీ చిన్న ఇంజన్ గేరు దించుకొని ఎక్కువ చుట్లు తిరుగుతుంది, ఆదా అనుకున్నది అక్కడ కరిగిపోతుంది. రెండు సిలిండర్లకు అదురు కూడా సహజం. ఆ 793 సీసీ కారు అమ్మకాలు లేక 2017లో ఆగిపోయింది. 936 సీసీ డీజిల్‌తో 2011లో వచ్చిన షెవర్లే బీట్ కూడా, ఆ కంపెనీ మన దేశంలో అమ్మకాలు మానుకోవడంతో, అదే ఏడాది చివర నిలిచిపోయింది.

మరి పెద్దదైతే నష్టం లేదా? పెట్రోలు ఇంజన్‌కు ఉంది. యాక్సిలరేటర్ మీద కాలు తేలికగా పెడితే అందులో గాలి దారి సగం మూసుకుంటుంది, ఆ సందులోంచి గాలి పీల్చుకోవడానికే కొంత పెట్రోలు వృథా. డీజిల్ ఇంజన్‌లో గాలికి దాదాపు అడ్డు లేదు, చమురు మాత్రమే కొలిచి పోస్తుంది. అందువల్ల డీజిల్ ఇంజన్ కొంచెం పెద్దదైనా తేలిక పనిలో అంతగా నష్టపరచదు. పైగా గాలిని గట్టిగా నొక్కి మండిస్తుంది, డీజిల్ లీటరులో పెట్రోలు కంటె శక్తి కూడా ఎక్కువే.

సీసీ పెద్దదైతే బలం ఎక్కువ అన్నది కూడా పాతమాట. 1998 డిసెంబరులో వచ్చిన టాటా ఇండికా 1405 సీసీ, టర్బో లేదు, 50 చిల్లర హార్స్‌పవర్. 2007లో స్విఫ్ట్‌లో వచ్చిన 1248 సీసీకి టర్బో, కామన్ రైల్ ఉండడంతో 75 వచ్చింది. మా వాడు చివరకు ఆ ఇంజన్ ఉన్న పాత స్విఫ్టే కొన్నాడు. ట్యాంకు నిండా పోయించి, మళ్ళీ నింపినప్పుడు కొలిచి చూస్తే, ఒక్కడే పోతే 21 దాకా, ఇంటిల్లిపాదీ ఏసీతో పోతే 18. కంపెనీ అంకెలో ఐదో వంతు తీసేసి చూడమని నేను అందరికీ చెబుతాను.

ఇక కొత్త బండి సంగతి. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 నిబంధన వచ్చింది. పొగ శుద్ధి చేసే సామాను ఖరీదు చిన్న బండి మోయలేదని మారుతి వారు డీజిల్ పూర్తిగా మానుకున్నారు. ఒక లీటరు, 1.3 లీటర్ల ఇంజన్లు కొత్త కార్లలో లేకుండా పోయాయి. మిగిలినవి 1500కు కొంచెం లోపల ఉన్నవి. టాటా ఆల్ట్రోజ్, నెక్సాన్‌లలో 1497, హ్యుందాయ్ వెన్యూలో 1493. ఈ అంకెలు యాదృచ్ఛికం కాదు. 2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, డీజిల్ అయితే 1500 సీసీ, పెట్రోలు అయితే 1200 సీసీ దాటని కార్లకు పన్ను తగ్గించారు. జి.ఎస్.టి.లోనూ ఆ గీత అలాగే ఉంది, 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ తరగతికి 18 శాతం. కనుక కొత్తది కొనేవారు 1.5 లీటర్లు ఎక్కువేమోనని జంకవలసిన పని లేదు.

జంకవలసినది ఇంకొకటి ఉంది. బి.ఎస్. 6 డీజిల్ బండిలో మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి, అంటే రోడ్డు మీద కొంతసేపు ఆగకుండా పోవాలి. ఇంటి నుంచి నిమ్మ మార్కెట్‌కు, బ్యాంకుకు, గుడికి తిరిగే బండిలో అది వేడెక్కదు, మసి పేరుకొని డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. శుభ్రం చేయించే ఖర్చు పింఛనుదారుడు భరించేది కాదు.

ఇప్పుడు అసలు లెక్క. నల్లగొండకు రానుపోను యాభై కిలోమీటర్లు అనుకుందాం. నెలకు 25 రోజులు, ఏడాదికి 15,000. పెట్రోలు బండి 17 ఇస్తే, లీటరు 107 రూపాయల చొప్పున 94,400 రూపాయలు. డీజిల్ బండి 22 ఇస్తే, 96 చొప్పున 65,450. మిగిలేది సుమారు 29,000. డీజిల్ కారుకు అదనంగా లక్షన్నర పెట్టామనుకుంటే అయిదేళ్ళకు పైగా పడుతుంది. అదే ఏడాదికి 5,000 తిరిగితే మిగిలేది పదివేలు కూడా కాదు, లక్షన్నర రావడానికి పదిహేనేళ్ళు దాటుతుంది. అప్పటికి మనలాగే ఆ బండి కూడా జీవన ప్రమాణ పత్రం పట్టుకొని రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు పోవలసిందే! పెట్రోలుకు డీజిల్‌కు ఇరవై రూపాయల తేడా ఉన్న 2012 నాటి రోజులు కావివి. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తివేశాక ఆ తేడా తగ్గింది.

సూర్యాపేటకు పోయేవారు కొర్లపహాడ్ టోల్ కూడా కలుపుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయలకు 200 సార్లు దాటే వార్షిక పాస్ వచ్చింది. రోజూ పోయి వచ్చేవారికి అది నూరు రోజులకే అయిపోతుంది. టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉన్నవారికి స్థానిక నెలవారీ పాస్ ఉంటుంది, అదీ విచారించుకోండి.

కనుక రోజూ నలభై, యాభై కిలోమీటర్లు తిరిగే పిల్లలకైతే, పాత బండి కొంటే 1.2, 1.3 లీటర్ల టర్బో డీజిల్, కొత్తదైతే 1.5. అంతకంటె తక్కువ తిరిగేవారికి పెట్రోలు బండే మేలని నా అభిప్రాయం. మిగిలిన లక్షన్నర పోస్టాఫీసులో మీ పేరనే ఉండనివ్వండి. పాత బండి చూడబోయేవారు ఉదయమే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పోయి మీరే స్టార్టు చేయండి. ముందే వేడి చేసి ఉంచితే ఎందుకని అడగండి. పొగ తెల్లగా వచ్చి ఆగకపోయినా, నీలంగా వచ్చినా ఆ బండి వదిలేయండి. టర్బో సంగతి మెకానిక్‌ను పక్కన పెట్టుకొని చూడవలసినది. భోజనానంతరం బయట చెట్టు కింద ఉంటాను, కాగితాలు తెచ్చుకున్నవారు రండి, లెక్క వేసి చూద్దాం.