జింకల వేటగాని నేర్పు – పైరు కాచు రైతునకు పాఠము
(రైతుల సభయందు చేసిన ఉపన్యాసము)



విత్తనము చల్లి, కలుపు తీసి, మొలక పచ్చబడినదని సంతోషించుచుండగా, ఒక ఉదయమున చేనికి పోయి చూచినచో సాళ్ళకు సాళ్ళు కొనలు తెగి మోళ్ళై యుండుట మీలో పలువురకు అనుభవమే. కృష్ణాతీరపు రేగడి నేలలలో కృష్ణజింకల వలనను, అడవి అంచు గ్రామములలో దుప్పుల వలనను, కణుజుల వలనను ఈ నష్టము కలుగుచున్నది. "ఇవి మా నోటికూడు తీయుచుండగా తుపాకి పట్టిన తప్పేమి?" అని కొందఱు అడుగుదురు. దానికి సమాధానము చెప్పుటకు ముందు, వెనుకటి జింకల వేటగాడు దేనివలన నెగ్గెనో విచారింతము.

తుపాకి రాక మునుపే ఈ దేశమున ఉరులతోను, వలలతోను, మచ్చిక చేసిన చీతాలతోను జింకలను పట్టుచుండిరి. అక్బరు కాలమున పెంపుడు ఇఱ్ఱి కొమ్ములకు ఉచ్చులు కట్టి మందవైపు విడిచెడివారు. తన తావునకు పరాయి మగది వచ్చినదని అడవి ఇఱ్ఱి దానితో కలియబడి, తానే ఉచ్చులలో చిక్కుకొనెడిది. ఆయుధము కంటె జంతువు స్వభావము నెఱిగిన యెఱుకయే ఇందు పని చేసినది. ఆ యెఱుక మూడు విధములు.

మొదటిది గాలి. జింకకు ముక్కే కావలివాడు. వేటగాడు చిటికెడు దుమ్ము విడిచి గాలివాటు చూచుకొని, గాలి జింకల మీదుగా తనవైపు వీచునట్లు నడిచెడివాడు. గాలి తిరిగినచో ఆనాటి శ్రమ వ్యర్థమే.

రెండవది గుర్తులు. అంచులు పదునుగా నున్న గిట్టజాడ క్రొత్తది. అంచులు రాలి, లోపల దుమ్ము పడినది పాతది. మగ కృష్ణజింక తన తావులో ఒక్క చోటనే మరల మరల పెంటికలు వేసి కుప్ప చేయును. దుప్పి తెల్లవాఱుజామునను, మునిమాపునను మేతకు వచ్చును. కణుజు రాత్రి తిరుగును. కృష్ణజింక ఎక్కువగా పగటి జంతువు; ఎండ ముదిరినపుడు విశ్రమించును.

మూడవది నడక. జింక కన్ను కదలికను వెంటనే పట్టును. కాని ఎఱుపును మనవలె గుర్తింపజాలదు. ప్రతిదినము చూచు ఎడ్లబండికి కృష్ణజింక బెదరదు. అందువలన వేటగాడు బండి చాటునను, ఎద్దు చాటునను చేరువకు పోయెడివాడు. జింకకు అలవాటైన దానియందు భయము పోవును. ఈ మాటను మీరు మఱువవలదు.

ఇక రైతు పని యేమి? వేటగాడు దాచిన దానిని రైతు చూపవలెను. వేటగాడు తన వాసనను, సవ్వడిని, కదలికను దాచెను. పైరు కాచువాడు ఆ మూటిని జింకకు తెలియజేయవలెను. ఏ దారిని ఏ వేళకు అవి వచ్చుచున్నవో తెలిసికొనుట మాత్రము ఇరువురకును సమానమే.

కావున మొదట దొంగ యెవరో గుర్తింపుడు. జింకకు పైదౌడ యందు ముందుపండ్లు లేవు. అది మొక్కను లాగి త్రెంపును గాన తెగిన చోట పీచులు పీచులుగా నుండును. కుందేలు కొఱికిన మొక్క కత్తితో ఏటవాలుగ కోసినట్లుండును. అడవిపంది నేలను పెల్లగించును. దొంగ తెలియక వేసిన కంచె డబ్బు దండుగ.

మంచెను చేని నడుమ గాక, జింకలు దిగు దారికి ఎదురుగా, మీ వాసన గాలితో వాటివైపు పోవు చోట వేయుడు. దిష్టిబొమ్మను నెల దినములు ఒకే చోట నుంచినచో అది వేటగాని ఎడ్లబండి వంటిదే యగును. రెండు మూడు దినముల కొకసారి చోటు మార్చుడు. ఎఱ్ఱ చీరలు కట్టుట వలన రంగుచేత లాభము లేదు. గాలికి రెపరెపలాడు తెల్లని గుడ్డ మేలు. డప్పు, వడిసెల, కేకలు ఒకే వేళకు గాక వేళ మార్చి ప్రయోగింపుడు.

దుప్పి ఎత్తు దుముకును గాన దానికి కంచె 8 అడుగులైనను కావలెను. కృష్ణజింక తఱచుగా తీగెల క్రిందుగ దూరును గాన దానికి కంచె అడుగుభాగము బిగువుగా నుండవలెను. చేని చుట్టును నాలుగైదు సాళ్ళు కుసుమ వేయుట దక్కను రైతుల పాత ఆచారము. ముండ్లకు వెఱచి పశువులును, జింకలును వెనుదిరుగును.

ఇప్పుడు తుపాకి మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము కృష్ణజింక మొదటి షెడ్యూలునకు చెందినది. దానిని చంపినవారికి 3 మొదలు 7 సంవత్సరముల వఱకు ఖైదును, 2022 సవరణ ప్రకారము 25,000 రూపాయలకు తగ్గని జరిమానాయును కలవు. ఒక కారు పంటను కాపాడుకొన బోయి ఏడేండ్లు సేద్యము మానుట ఏ లెక్కకును సరిపడదు. అంతకంటె ఘోరమైనది, కరెంటు స్తంభము నుండి తిన్నగా తీగె లాగి చేని చుట్టు కట్టుట. ఆ తీగె జింకను, పొరుగువాని ఎద్దును, తెల్లవాఱుజామున నీరు కట్ట వచ్చిన మీ కుమారుని వేఱు వేఱుగా నెఱుగదు. సౌరశక్తితో పనిచేయు కంచెయంత్రము క్షణకాలపు తాకులు మాత్రమే యిచ్చి బెదరించును. నియమము ప్రకారము అమర్చినచో అది ప్రాణము తీయదు.

ఇంత చేసినను నష్టము కలిగినచో గిట్టజాడలును, పెంటికలును చెఱగక మునుపే అటవీ అధికారులకు అర్జీ పెట్టి, పంచనామా వ్రాయించుడు. వేటగాడు జంతువును వెదకుటకు చదివిన గుర్తులే మీ అర్జీకి సాక్ష్యము లగును.

ఒక్క చేను కాచినచో మంద పక్క చేనిలో దిగును. కావున గ్రామస్థులందఱును కలిసి వంతులు వేసికొని కాయవలెను. వచ్చు కారునకు విత్తుటకు ముందే పొలము గట్ల వెంట ఒక ఉదయము తిరిగి, జాడలు ఏ దారిని వచ్చుచున్నవో చూచి గుర్తుపెట్టుకొనుడు. నేటి మాటలలో ఈ యొక్క పనిని చేసినను మీ శ్రమలో సగము తగ్గునని విన్నవించి, సెలవు తీసికొనుచున్నాను.